ఛీ అనడానికి 96 యూరోలు: ఒక జర్మన్ సాయంత్రం క్లాసు మీద నా మాట

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం మార్కులు ముందే వేసేస్తున్నాను. జర్మనీ బళ్ళలో 1 అన్నిటికన్నా మంచి మార్కు, 6 అన్నిటికన్నా అధ్వానం. ఈ క్లాసుకి నేను వేసేది 2 మైనస్. ఆ మైనస్ ఎందుకో కింద చెప్తాను, కొంచెం కడుపుమంటతోనే చెప్తాను.

క్లాసు ఇదీ: ఎనిమిది మంగళవారాలు, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది. ఫీజు 96 యూరోలు. పదకొండు మందిమి. జర్మనీ తూర్పు వైపు సాక్సనీ రాష్ట్రంలో, లైప్‌చిగ్ నుంచి రైల్లో అరగంట దూరంలో ఉన్న మా ఊళ్ళో, పనిచేసుకునేవాళ్ళకి సాయంత్రాలు చదువు చెప్పే ఒక సంస్థ నడిపింది. పేరు రాయను, ఎందుకంటే ఫిర్యాదులు కూడా రాయబోతున్నాను. కరపత్రంలో "పుస్తకంలో లేని జర్మన్" అని వేశారు. లోపలికెళ్ళాక తెలిసింది, ఎనిమిదిట్లో ఐదు క్లాసులు అచ్చంగా అసహ్యం, రోత, చిరాకు, ఎవరి పొడా గిట్టకపోవడం, వీటి మీదే అని. టీచరమ్మ అరవై దాటిన మనిషి. బెర్లిన్ గోడ కూలకముందు బళ్ళో రష్యన్ చెప్పేదట. మొదటి రోజు వచ్చీ రాగానే అంది: "మర్యాదగా మాట్లాడటం మీకు పరీక్షలవాళ్ళు నేర్పేశారు. నచ్చలేదు అని చెప్పడం ఎవరూ నేర్పలేదు." సగం డబ్బు నాకు అక్కడే గిట్టుబాటయింది.

నాది ఖమ్మం. నర్సింగ్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్ళు చేసి, 2022లో ఇక్కడి ముసలివాళ్ళ హోమ్‌కి వచ్చాను. నర్సుగా గుర్తింపు కావాలంటే బి2 అనే మెట్టు జర్మన్ భాష పరీక్ష పాసవ్వాలి గనక పాసయ్యాను. బి2 అంటే ఏమిటో రాసినవాళ్ళకి తెలుసు. "నా అభిప్రాయం ప్రకారం", "ఒకవైపు చూస్తే", "మరోవైపు చూస్తే" అంటూ ప్లాస్టిక్ సంచుల మీద పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా వాదించగలను. కాఫీలో ఈగ పడితే మాత్రం ఏమనాలో తెలీదు.

ఇక హాకెపేటర్ సంగతి. అది చెప్పకపోతే నేను ఈ క్లాసులో ఎందుకు చేరానో అర్థం కాదు. హాకెపేటర్ అంటే పచ్చి పంది కీమా. ఉడికించరు, వేయించరు, పొగ కూడా పెట్టరు. ఉప్పు, మిరియాలు కలిపి, గుండ్రటి రొట్టెని రెండుగా కోసి దాని మీద దట్టంగా రాసి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లుతారు. మిగతా జర్మనీలో మెట్ అంటారు, ఇటు తూర్పు వైపూ బెర్లిన్‌లోనూ హాకెపేటర్. ఏ రోజు కొట్టించింది ఆ రోజే తినెయ్యాలి. మా హోమ్‌లో శుక్రవారం పొద్దున తొమ్మిదింటి బ్రేక్‌కి ఎవరో ఒకరు పట్టుకొస్తారు. నేను చేరిన రెండో వారం నాకూ ఒకటి ప్లేట్లో పెట్టి ఇచ్చారు. మా ఇంట్లో కోడి, మేక, చేప తప్ప ఇంకోటి పొయ్యెక్కలేదు. ఇదైతే ఏ పొయ్యీ ఎక్కలేదు. ఒక్క ముక్క కొరికాను. చల్లగా, మెత్తగా, నాలుక్కి అంటుకుంది. కడుపులో దేవింది. టేబుల్ చుట్టూ ఆరుగురు నా మొహమే చూస్తున్నారు. తిండి గురించి అప్పటికి నాకొచ్చిన జర్మన్ మాట ఒక్కటే, లెకర్. భలే రుచి అని. అనేశాను.

మన దగ్గర మొహమాటానికి బాగుందంటే ఇంకో గరిటె వడ్డిస్తారు, అక్కడితో సరి. ఇక్కడ మాట అంటే మాటే. ఈ అమ్మాయికి హాకెపేటర్ ఇష్టం అని ఖాయం చేసుకున్నారు. అక్కణ్ణించి నాలుగు నెలలు, నేను ఆలస్యంగా వచ్చినా, శుక్రవారం నాడు నా పేరు రాసిన చీటీతో ఫ్రిజ్‌లో ఒకటి ఉండేది. ప్రేమగానే పెట్టారు పాపం. కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుని స్టేషన్ దగ్గర చెత్తబుట్టలో వేసేదాన్ని. ఒకరోజు తప్పించుకోలేక సగం తిని, డోకొచ్చి, లేచి నిలబడి "ఇష్ బిన్ ష్లెష్ట్" అన్నాను. గది గదంతా ఘొల్లుమంది. నాకు బాగోలేదు అని కదా నేను చెప్పాలనుకుంది. నేను చెడ్డదాన్ని అన్నానట.

రాత్రి ఫోన్లో అమ్మకి చెప్తే, "ఛీ ఛీ, పచ్చిదా? వద్దనడానికి నీకు నోరు లేదూ?" అంది. లేదు మరి. ఈ భాషలో లేదు.

మొదటి మంగళవారం నేర్పినవి మాటలు కూడా కావు, చప్పుళ్ళు. ఇగిట్. ఈ. బే. ప్ఫుయ్. మనకి ఛీ ఒక్కటి చాలు: కుళ్ళిన గుడ్డుకి ఛీ, మాట తప్పిన బావగారికి ఛీ, కొత్తగా పెళ్ళైన పిల్ల మొగుణ్ణి ముద్దుగా "ఛీ పో" అన్నా అదే ఛీ. జర్మన్లు ఈ పనులు పంచారు. ఇగిట్ అంటే ముట్టుకున్నదో, చూసిందో జిగటగా, పురుగుపట్టి, పాచిపట్టి ఉండటం. అది దేవుడు అనే అర్థమున్న గోట్ అన్న మాటని నేరుగా పలకడం ఇష్టంలేక వంకర తిప్పగా వచ్చిందంటారు, మనం "రామ రామ" అని మొహం తిప్పుకున్నట్టు. ఎక్కువ రోతైతే ఇగిటిగిట్ అని జంటగా అంటారు. బే అనేది చిన్నపిల్లలతో, నాలుక బయటపెట్టి అనేది. ప్ఫుయ్ మన థూ లాంటిది, ఉమ్మే చప్పుడులోంచే పుట్టినట్టుంటుంది. కుక్క రోడ్డుమీద ఎముక నోట కరిస్తే ప్ఫుయ్. పిల్లాడు చీమిడి తింటే ప్ఫుయ్. పెద్దవాళ్ళు సిగ్గుమాలిన పని చేస్తే సభలో జనం అరిచేదీ ప్ఫుయ్. దానికి దయ్యాన్ని తగిలిస్తే ప్ఫుయ్ టోయ్‌ఫెల్. మా హోమ్‌లో ఒకావిడ ఆదివారం సూపు నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ అంటుంది, ఆ తర్వాత గిన్నె ఖాళీ చేస్తుంది.

ఈ ప్ఫు మన నోటికి తిరగదు. నేను ఫుయ్ అన్నాను, సిరియా నుంచి వచ్చిన ఫార్మసిస్టు బుయ్ అన్నాడు, వాళ్ళ భాషలో ప లేదు కదా. టీచరమ్మ అందరి చేతా మూతి ముందు కాగితం పట్టించింది. పెదాలు ప కి మూసి, ఫ కి వదలాలి, కాగితం ఎగరాలి. పదకొండు మంది పెద్దమనుషులు కాగితాల మీద ఉమ్మినట్టు చేస్తుంటే తలుపు తీసి చూసిన వాచ్‌మన్ మళ్ళీ మూసేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత మాటలు. ఇక్కడ ఆమె నేర్పిన పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. ఒక్కో మాటకీ మీ భాషలో దగ్గరి మాట వెతుక్కోండి, డిక్షనరీ చూడకండి అంది. నేను కూర్చుని వెతికితే తెలుగులో ఇన్ని ఉన్నాయా అని నాకే ఆశ్చర్యమేసింది. చీదర, రోత, వెగటు, కంపరం, ఏవగింపు, ఈసడింపు, జుగుప్స. మన పెద్దలు జుగుప్సకి బీభత్స రసమని ఏకంగా ఒక రసాన్నే కేటాయించారు, ఏం ఊరికే కాదు. ఏక్లిష్ అంటే చీదర అని రాసుకున్నాను: తడి వెంట్రుకలు చుట్టుకున్న బాత్రూమ్ జాలీ. వీడర్లిష్ అంటే రోత: ఆ మాటలో ఎదురు అనే అర్థం ఉంది, ఒళ్ళు ఎదురు తిరగడం. అది మనుషుల నడతకీ వాడతారు. షోయ్‌స్‌లిష్ కొంచెం తేలిక, వానకి, కర్టెన్ రంగుకి, అత్తగారిచ్చిన పూలకుండీకి. అప్‌షోయ్‌లిష్ పుస్తకాల మాట, మన జుగుప్సాకరం లాగా వార్తల్లో నేరాల గురించి. ఏకల్ అనే నామవాచకం దగ్గర ఒక చిత్రం ఉంది. దేర్ అని పుంలింగంలో పెడితే అసహ్యం అనే భావన. దస్ అని నపుంసకంలో పెడితే అసహ్యం పుట్టించే మనిషి. అలాంటి మనిషినే ఏకల్‌పాకేట్ అని కూడా అంటారు, అసహ్యాన్ని పొట్లం కట్టినట్టు. ఈ మాట విన్న రోజు నుంచీ మా పాత ఇంటి ఓనరు నాకు పొట్లంలాగే కనిపిస్తున్నాడు.

ష్ తో మొదలయ్యే ఆ పేరుమోసిన తిట్టు గురించి అడుగుతారేమో. దానికి డబ్బు కట్టక్కర్లేదు. విమానం దిగిన వారానికే ఉచితంగా వచ్చేస్తుంది.

రెండో క్లాసులో బోర్డు మీద మియర్ అని రాసి, కింద రెండు గీతలు గీసింది. "ఈ మాట పట్టుకుంటే సగం జర్మన్ ఏడుపు మీ చేతిలో ఉంటుంది." మియర్ అంటే నాకు. నేను కాదు, నాకు. ఇంగ్లీషులోంచి జర్మన్ నేర్చుకున్న మనందరం చేసే తప్పు ఇదే, అన్నిటికీ ఇష్, ఇష్ అని నేను తో మొదలుపెడతాం. తెలుగులో ఎప్పుడైనా నేను చలిగా ఉన్నాను అంటామా? నాకు చలేస్తోంది అంటాం. జర్మన్ కూడా అంతే, మియర్ ఇస్ట్ కాల్ట్. నాకు నచ్చలేదు, నాకు రుచించలేదు, నాకు వికారంగా ఉంది, అన్నీ మియర్‌తోనే. మియర్ ఇస్ట్ ష్లెష్ట్ అని ఉంటే ఆ రోజు ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. నేను ఇంగ్లీషు మీదుగా కాకుండా తిన్నగా ఖమ్మం నుంచి జర్మన్‌కి వెళ్ళుంటే దారి దగ్గరయ్యేది. రాబోయే పిల్లలకి గట్టిగా చెప్తున్నాను: ఒంటికి, మనసుకి ఏదైనా అయినప్పుడు ముందు తెలుగులో అనుకోండి. తెలుగులో నాకు వస్తే జర్మన్‌లో మియర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ద్వేషించడానికి మాత్రం వాళ్ళు ఇష్ వాడతారు, ఇష్ హాస్సె. మనం నేను ద్వేషిస్తున్నాను అంటే డబ్బింగ్ సినిమాలా ఉంటుంది గానీ వాళ్ళు బ్రసెల్స్ మొలకల కూర దగ్గర్నుంచి సోమవారం దాకా అన్నిటినీ తేలిగ్గా హాస్సె అనేస్తారు.

మూడో క్లాసు గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తున్నాను.

మా అంతస్తులో ఎనభై దాటిన ఒకాయన ఉన్నాడు. పక్షవాతం తర్వాత కింద అదుపు పోయింది. పొద్దున నేను శుభ్రం చేస్తున్నంతసేపూ గోడవైపు తిరిగి, పళ్ళ మధ్యనుంచి ఏదో అంటాడు. సాక్సనీ యాసలో, సగం మింగేస్తూ. అందులో ఏకల్ అన్న ముక్క ఒక్కటే నాకు తెలిసేది. నా చెయ్యి పడటం ఆయనకి అసహ్యం అనుకున్నాను. నా రంగు అనుకున్నాను. రోజువారీ రికార్డులో "సిబ్బందితో అమర్యాదగా మాట్లాడుతున్నారు" అని రెండుసార్లు రాశాను కూడా. బాపట్ల నుంచి వచ్చిన చిన్న పిల్ల ఒకత్తి నాతో చేస్తుంది, ఆయన దగ్గరికి దాన్నే పంపించేదాన్ని. "అక్కా, నాతోనూ అదే అంటాడు, నేను పట్టించుకోను" అనేది.

ఆ మంగళవారం బోర్డు మీద వాక్యం: ఇష్ ఏక్లె మిష్ ఫోర్, ఆ తర్వాత ఖాళీ. ఫలానాదంటే నాకు అసహ్యం. మనం అంటే అని పెట్టే చోట వాళ్ళు ముందు ఫోర్ పెడతారు, అంతే తేడా. ఖాళీలో ఒకరు సాలీళ్ళు అన్నారు, ఒకరు బల్లులు, ఉక్రెయిన్ నుంచి వచ్చిన అకౌంటెంటు పాలమీద మీగడ అంది. చివర్లో టీచరమ్మ తనే ఒకటి రాసింది. ఫోర్ మియర్ జెల్బ్‌స్ట్. నేనంటే నాకే. నా మీద నాకే రోత.

నా పెన్ను ఆగిపోయింది. ఆ చివరి రెండు ముక్కలే ఆయన రోజూ మింగేసేది.

మర్నాడు పొద్దున చెవి పెట్టి విన్నాను. అదే. ఇష్ ఏక్లె మిష్ ఫోర్ మియర్ జెల్బ్‌స్ట్. రికార్డులో నేను రాసింది వెనక్కి వెళ్ళి కొట్టేయడానికి వీల్లేదు, కింద సవరణ అని రాసి సంతకం పెట్టాను. తర్వాతి మంగళవారం క్లాసు అయ్యాక టీచరమ్మని ఆపి అడిగాను, ఇలా అంటే నేనేమనాలి అని. పర్వాలేదు అనొచ్చా? ఆవిడ కోటు తొడుక్కుంటూ ఆగింది. "అసహ్యం కాదని అబద్ధం చెప్పకు. ఆయనకీ ముక్కుంది. దస్ హాబెన్ వియర్ గ్లైష్ అను." ఇదిగో, అయిపోతోంది, అని దాని అర్థం. వియర్ అంటే మనం. నేను నీకు చేస్తున్నాను అని లేదు అందులో, ఇద్దరం కలిసి గట్టెక్కేస్తున్నాం అన్నట్టుంది. ఆయన గోడవైపు తిరగడం మానలేదు. ఒకరోజు మాత్రం నేను గ్లైష్ అనగానే "నా, డన్" అన్నాడు. సరే, కానియ్, అని.

నాలుగో క్లాసు సరదా. ముక్కు సాయంత్రం అని పేరు పెట్టింది. మీకు ఇష్టమై, పక్కవాడు ముక్కు మూసుకునేది ఒకటి తెచ్చుకోండి అంది. జర్మన్ అసహ్యంలో ముక్కుది పెద్ద వాటా. ఒక మనిషి పొడ గిట్టకపోతే ఇష్ కాన్ ఈన్ నిష్ట్ రీషెన్ అంటారు, వాడి వాసన పీల్చలేను అని. పని విసుగొస్తే అది నాకు కంపుకొడుతోంది అంటారు, ఇక చాలనిపిస్తే ముక్కు నిండిపోయింది అంటారు. రోజూ అదే తిండి పెడితే మనకి మొహం మొత్తుతుంది, వాళ్ళకి గొంతులోంచి బయటికి వేలాడుతుంది, దస్ హేంగ్ట్ మియర్ ట్సుమ్ హాల్స్ రావ్స్. బిస్కెట్ మీదికి రావడం కూడా ఒకటుంది, దస్ గేట్ మియర్ ఆవ్ఫ్ దేన్ కేక్స్, చిరాకు పెడుతోంది అని. అందులో కేక్స్ బదులు జాక్ అంటే మోటు మాటైపోతుంది, మగాళ్ళ మధ్య బాగానే వినపడుతుంది గానీ సూపర్‌వైజర్ దగ్గర వద్దు.

గోళ్ళ షాపు నడిపే వియత్నాం ఆవిడ చేప సాస్ తెచ్చింది. వాళ్ళ నాన్న తూర్పు జర్మనీ రోజుల్లో కాంట్రాక్టు పనికి వచ్చాడట. నేను ఎండు రొయ్యల పొడి, ఇంగువ డబ్బా తీసుకెళ్ళాను. డబ్బా మూత తీయగానే ముందు వరసలో ఇద్దరు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. టీచరమ్మ మాత్రం దగ్గరికొచ్చి వాసన చూసి, కళ్ళు మెరిపించి, "టోయ్‌ఫెల్స్‌డ్రెక్" అంది. ఇంగువకి జర్మన్ పేరు అదేనట. దయ్యపు పెంట. మన పప్పులో, పులిహోరలో, చారులో, గుళ్ళో ప్రసాదంలో పడే ఇంగువకి వీళ్ళు పెట్టిన పేరు అది. కాసేపు నాకు రోషం వచ్చిన మాట నిజం. తర్వాత ఆవిడ తన సంచిలోంచి తీసిన డబ్బా చూసి రోషం పోయింది. అందులో వ్యుర్ష్‌విట్స్ అనే పల్లెటూరి చీజ్. మాకు పెద్ద దూరం కాదు, త్సైట్స్ పట్నం పక్కన ఉంటుంది. పాల విరుగుడు ఉండలు చేసి, చెక్కపెట్టెలో పురుగుల మధ్య నెలలతరబడి ఉంచుతారు. కంటికి దుమ్ములా కనపడే సన్నటి పురుగులు. అవి చీజ్ మొత్తం తినెయ్యకుండా రై పిండి వేస్తారు. తయారయ్యాక పురుగులతో సహా తినడమే. ఆ ఊళ్ళో ఆ పురుగుకి విగ్రహం కూడా ఉంది. టీచరమ్మ బల్ల మీద పెట్టిన ముక్క చుట్టూ గోధుమరంగు పొడి మెల్లగా కదులుతోంది. పదకొండు మంది ఒకేసారి ఇగిటిగిట్ అన్నాం, ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఆవిడ రొట్టెమీద పెట్టుకుని తిని, "మీది దయ్యం, మాది పురుగు, చెల్లుకు చెల్లు" అంది.

అదే రోజు ఇంకో ముఖ్యమైన సంగతి తెలిసింది. జర్మన్లు ముక్కుసూటిగా మాట్లాడతారని అందరూ అంటారు గదా, తిండి దగ్గర అది పూర్తిగా నిజం కాదు. నా టిఫిన్ బాక్సు తెరిచినప్పుడల్లా మా హోమ్‌లో ఒకావిడ "ఇంటరెసాంట్" అనేది, నేను మెప్పనుకునేదాన్ని. వాసన ష్ట్రెంగ్ అంటే ఘాటుగా ఉందని కాదు, కిటికీ తెరవమని. గెవ్యోనుంగ్స్‌బెడ్యుర్ఫ్టిష్ అనే రైలుబండంత మాట ఒకటుంది, అలవాటు పడాలి అని అర్థం, అన్నవాళ్ళు మాత్రం ఎప్పటికీ అలవాటు పడరు. నిష్ట్ మైన్ ఫాల్ అంటే నాకు పడదు అని, మెత్తగా, ఎదుటివాళ్ళ చెయ్యి తప్పేమీ లేదన్నట్టు. నాకు ఎనిమిది వారాల్లో అన్నిటికన్నా ఉపయోగపడింది ఈ మూడు ముక్కలే.

ఐదో క్లాసు చట్టం. ఇది ఎవరూ తప్పకూడదు. ఒక వస్తువుని, తిండిని, వాతావరణాన్ని ఎంతైనా ఏవగించుకోండి, ఎవరూ అడగరు. మనిషిని మొహం మీద అంటే అది బెలైడిగుంగ్, అవమానించడం, శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద నేరం. ఏడాది దాకా జైలు లేదా జరిమానా, నలుగురిలో అంటే రెండేళ్ళ దాకా వెళ్ళొచ్చు. జరిమానా కూడా మన సంపాదనని బట్టి రోజుల లెక్కన వేస్తారు. కారు నడుపుతూ వేలు చూపించి జరిమానా కట్టినవాళ్ళు ఇక్కడ కోకొల్లలు. బ్రెజిల్ కుర్రాడు పాపం నోట్సులో చాలా రాసుకున్నాడు.

ఆరోది ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్ మీద. ఇది అసహ్యం క్లాసులో ఎందుకా అనుకున్నాను. తీరా చూస్తే, ఇంత తియ్యగా చీదరించుకోవడం నేనెక్కడా చూడలేదు. ఆ కాగితం మనిషికి ముందు దారి మూసేలా ఉండకూడదు, నిజమూ చెప్పాలి. అందుకని పొగడ్తల్లోనే మెట్లు కట్టుకున్నారు. "ఎల్లవేళలా మాకు సంపూర్ణాతిసంపూర్ణ తృప్తి కలిగేలా" అని ఉంటే 1 మార్కు. ఎల్లవేళలా పోతే తగ్గింది, సంపూర్ణం కూడా పోయి ఉత్త తృప్తి మిగిలితే 4. "శ్రమపడ్డారు" అని రాస్తే ఇక అంతే, పాపం ప్రయత్నించాడు గానీ చేతకాలేదు అని. చాటు అర్థాలు పెట్టకూడదని చట్టంలోనే ఉంది మళ్ళీ. మా బాపట్ల పిల్ల పాత చోట ఇచ్చిన కాగితం తెచ్చి చూపించింది, మూడు నెలలుగా అది చూసి మురిసిపోతోంది. నేను చదివాను. 4. చెప్పాలా వద్దా అని రెండు రోజులు తిరిగి, చెప్పాను. సరిచేసి ఇమ్మని అడిగే హక్కు ఉందని టీచరమ్మ చెప్పిన సంగతీ చెప్పాను. అడుగుతోంది ఇప్పుడు.

చివరి రెండు క్లాసులు అంతంత మాత్రం. కుర్రకారు మాటలన్నారు. 2008లో యువత మాటగా గెలిచింది గామెల్‌ఫ్లైష్‌పార్టీ అట, కుళ్ళిన మాంసపు పార్టీ, అంటే ముప్ఫై దాటినవాళ్ళ పార్టీ. నాకు ముప్ఫై మూడు, థాంక్స్. ఆస్ట్రియాలో గ్రావ్స్‌లిష్ అంటారని, స్విట్జర్లాండ్‌లో గ్రూసిగ్ అంటారని చెప్పి వదిలేశారు.

ఇప్పుడు మైనస్. ఒకటి, యాస లేదు. మా ముసలివాళ్ళెవరూ ప్ఫుయ్ టోయ్‌ఫెల్‌ని క్లాసులో నేర్పినట్టు పలకరు, ప ని బ చేసి, ట ని ద చేసి ఇంకేదో అంటారు. సాక్సనీలో నడిపే క్లాసులో సాక్సన్ అసహ్యం నేర్పకపోతే ఎలా? టీచరమ్మకి తన పురుగుల చీజ్ డబ్బా కిందపడ్డప్పుడు మాత్రం స్వచ్ఛమైన యాస వచ్చింది, అది రికార్డు చేసుకోవాల్సింది. రెండు, క్లాసు ప్రాథమిక పాఠశాల గదిలో పెట్టారు, రెండో తరగతి పిల్లల కుర్చీలు, రోజంతా రోగుల్ని లేపి దింపిన నడుముతో వాటిలో గంటన్నర. మూడు, ఏడో క్లాసు రద్దు చేసి శనివారం పొద్దున పెట్టారు, నాకు డ్యూటీ. డబ్బు తిరిగి ఇవ్వమంటే మెయిల్‌లో "మీ అసౌకర్యాన్ని అర్థం చేసుకున్నాం" అని వచ్చింది. క్లాసులో నేర్చుకున్నది వాడి ఒక జవాబు రాశాను, పంపలేదు. 185వ సెక్షన్ గుర్తొచ్చింది. జిరాక్సులు కూడా సగం మసిమసి.

ఎవరు చేరాలి? బి2కి ఒక మెట్టు కిందదైన బి1 గట్టిగా వచ్చినవాళ్ళు. అంతకన్నా తక్కువైతే నవ్వులాటే మిగులుతుంది. ఆసుపత్రుల్లో, హోముల్లో పనిచేసే మన అమ్మాయిలు తప్పకుండా. ఐటీ వాళ్ళకి ఆఫీసులో ఇంగ్లీషు నడుస్తుంది గదా, ఇంటి ఓనరుతో గొడవుంటే చేరండి.

నాలుగో క్లాసు తర్వాతి శుక్రవారం, తొమ్మిదింటి బ్రేక్. ఫ్రిజ్‌లో నా పేరు చీటీ. నిష్ట్ మైన్ ఫాల్ అందామని రైల్లో అంతా వల్లె వేసుకుంటూ వచ్చాను. నోరు తెరిచేసరికి కంగారులో వచ్చింది వేరే: "ఇష్ ఏక్లె మిష్ ఫోర్ హాకెపేటర్." గది నిశ్శబ్దమైంది. చచ్చాను అనుకున్నాను. నాలుగు నెలలు నాకు రొట్టెలు దాచిపెట్టిన పెద్దావిడ చెంచా కిందపెట్టి, "అఖ్ జో. జాగ్ దస్ దోఖ్" అంది. ఓహో, అలాగా, ముందే చెప్పొచ్చుగా, అని. నా ప్లేటు తనవైపు లాక్కుని తినేసింది. అంతే. ఏ కోపమూ లేదు.

వచ్చే శుక్రవారానికి నా చీటీ కింద చీజ్ రొట్టె పెట్టింది, హార్త్సర్ చీజ్, కొవ్వు అసలుండదు, నీకు మంచిది అంటూ. మూత తీశాను. మూడు రోజులు బూటులో ఉన్న మేజోడు వాసన. ఆవిడ నా మొహమే చూస్తోంది.

"ఇంటరెసాంట్" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వి కిటికీ తెరిచింది.